పొట్లం మోగింది

అక్రాలో, సర్కిల్ వంతెన కింద
గొడుగు నీడంత నా దుకాణం.
ఒక బల్ల, భూతద్దం, స్పిరిట్ సీసా,
పళ్ళు తోముకోవడం మానేసిన టూత్‌బ్రష్షు.
ఆరోగ్యంగా ఉన్న ఫోను ఏదీ ఇటు రాదు.

మంగళవారం మధ్యాహ్నం షోర్మె వచ్చింది,
పొయ్యి పొగనూ వేపిన చేప వాసననూ వెంటేసుకుని.
నడుముగుడ్డ మడతలోంచి తీసి పెట్టింది.
ఎవరో బల్లమీద గీత గీశారనుకున్నాను.
అంత సన్నం.

"గొంతు పోయింది దీనికి," అంది.

సుసు చీటీ కుర్రాడికి రోజుకు పది సెడీల చొప్పున
పదకొండు నెలలు కట్టి కొన్నదట.
మడతలో దోపితే నడుముకే తెలియదట.
కనేషీ సంతలో జేబుదొంగలు
తన చుట్టూ రెండుసార్లు తిరిగి
ఉత్తచేతులతో పోయారట.
మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ
డేక్సా ఆవిరిలోనూ
ఎవరి బాకీ ఎంతో తెర మీద తెల్లగా కనిపిస్తుందట.
చెబుతుంటే కూతురి మార్కులు చదువుతున్నట్టుంది.

"మరి గొంతు ఎలా పోయింది?"

కాసేపు మాట్లాడలేదు.
తరువాత నవ్వు ఆపుకోలేకపోయింది.

గురువారం రద్దీ. ఒక చేత్తో చిల్లర, ఒక చేత్తో గరిటె.
పాత పేపర్ల దొంతర మీద ఫోను పెట్టింది.
దాని మీదే మూడు కెంకే ముద్దలు,
రెండు చేపలు, గరిటెడు షిటో కారం,
చుట్టి, నల్ల సంచీలో వేసి
ట్రోట్రో బండి మేటు అదోతేకి ఇచ్చేసింది.
ఇరవయ్యేళ్ళుగా తూచకుండా అమ్మే చెయ్యి,
ఆ చేతికే బరువు తేడా తెలియలేదు.

మల్లం జంక్షన్ దాటాక పొట్లం మోగింది.
బండిలో ప్రసంగం చేస్తున్న పాస్టరు నోరు ఆగింది.
చేపకు ప్రాణమొచ్చిందేమో చూడమంది ఒక ముసలామె.
అదోతే విప్పాడు.
కారంలో వెలుగుతూ తెర:
"పక్కకొట్టు బీన్సమ్మ పిలుస్తోంది."
ముందు భోంచేశాడు.
తిరుగు బండిలో తెచ్చిచ్చాడు,
మంచివాడే.

వీపు వేడిచేసి జిగురు ఊడదీశాను.
లోపల చూస్తే జాలేసింది.
ఒంటిగదిలో ఉమ్మడి కాపురం!
బిస్కెట్టంత బ్యాటరీ, సాయంత్రం నాలుగింటికే కునుకు.
చెవితీగకు చోటు మిగల్లేదు, ఆ రంధ్రమే పూడ్చేశారు.
వేడి పోయే దారి లేక
ఇరవై నిమిషాలు మాట్లాడితే చెంపకు చురక.
కెమెరా ఒక్కటే ఒదగనని పొడుచుకొచ్చింది,
అందుకే బల్లమీద కాలు విరిగిన పీటలా ఊగుతుంది.
వెనక జేబులో పెట్టి కూర్చున్నవాళ్ళ ఫోన్లు
నా డ్రాయరులో మూడున్నాయి, అరటికాయల్లా వంగి.

బ్రష్షుతో స్పీకరు జల్లెడ తోమాను.
మిరపగింజ ఒకటి రాలింది.
ఫోను మొదట తుమ్మింది, తరువాత పాడింది.

"షోర్మే, దీన్ని అమ్మేసి ఇది తీసుకో.
లావే గానీ రెండు రోజులు చార్జి ఉంటుంది,
కింద పడితే దెబ్బ నేలకే."

గుణవంతుడని పొగిడిన పెళ్ళికొడుకుని చూసినట్టు చూసింది.

"డేక్సా బరువు. పిండి బరువు. బండి బరువు.
వాన పడితే ఈ మోకాళ్ళూ బరువే.
నా దగ్గర ఒక్కటైనా తేలిగ్గా ఉండనీవయ్యా."

నేనేమీ అనలేదు. ముప్పై అడిగేవాణ్ణి, ఇరవయ్యే తీసుకున్నాను.

నెల తరువాత కనిపించింది.
ఫోనుకు ఎర్రటి రబ్బరు తొడుగు, ఇటుకంత మందం,
మెడలో తాడు, తాడుకు మేక గంట.
"సన్నదనం ఏమైంది?" అన్నాను.
"లోపల ఉందిగా," అంది.

డబ్బులు వద్దంటూ ఒక పొట్లం చేతిలో పెట్టి వెళ్ళింది.
విప్పేముందు
ఎందుకైనా మంచిదని
చెవి దగ్గర పెట్టుకున్నాను.